బొమ్మలోంచి దేవుడు దిగిపోయిన రాత్రి

లూక్కా పట్నానికి పైన కొండల్లో, మా ఊరి చివర, తాళం వేసున్న ఇల్లొకటి ఉండేది. అందులో ఏ ఆడదీ ఒంటరిగా రాత్రి గడపలేదని పేరు. పడుకున్న ఇద్దరూ తెల్లారకముందే చెప్పులు వదిలేసి పరిగెత్తుకొచ్చారు. కారణం... పడకగది గోడ మీద, అద్దం బిగించి గుడ్డ కప్పిన ఓ పాత సిరా బొమ్మ.

వద్దు మొర్రో అంటున్న డాఫ్నే వెంట అపోలో దేవుడు పడటం, ఆ పిల్ల పారిపోతూ పారిపోతూ చెట్టయిపోవడం — అదీ బొమ్మ. దీన్ని మా వాళ్ళు ప్రేమకథ అంటారు. రాత్రిళ్ళు ఆ దేవుడు కాగితంలోంచి దిగి, గదిలో ఉన్న ఆడదాని వెంటపడతాడనీ అంటారు. రెండూ చెప్పేది మగాళ్ళే.

నా స్నేహితురాలు నీవెస్ మొగుణ్ణి, ఆల్వారోని, వదిలేసి వచ్చింది. అప్పట్లో మా దేశంలో విడాకుల్లేవు. చెంపదెబ్బలు మాత్రం ధారాళంగా ఉండేవి. వాళ్ళన్న ఒరెస్తె తనింట్లో చోటు లేదన్నాడు.

"ఊరి చివర తాళం వేసిన తాత ఇల్లుందిగా. ఒక్క రాత్రి గడిపితే అక్కడే ఉండిపో. జడుసుకున్నావో, పొద్దున్నే బండెక్కించి ఆల్వారో దగ్గర దింపేస్తా."

"నీకా శ్రమ ఉండదులే అన్నయ్యా," అందట. ఇదంతా నీవెస్ నాకు చెప్పిందే.

జనవరి. ఇల్లంతా చెమ్మ. పడకగదిలో పొయ్యి ఎర్రగా రాజేసింది. చెస్ట్‌నట్ పిండి రొట్టె తింది. గడియ పెట్టింది. దీపం ఆర్పింది...

చిట్.

ఎలుకేమో అనుకుంది.

చిట్... చిటచిట... గుడ్డ వెనక నుంచే! ఎవరో ఎండుటాకుల మీద అడుగేస్తున్నట్టు — ఆగి, విని, మళ్ళీ వేస్తున్నట్టు.

"ఎవరూ?" అంది.

పారిపోదామా? పారిపోతే ఎక్కడికి... ఆల్వారో ఇంటికేగా! ఆ తలపే ఆమెను మంచం దింపింది. ఇనప ఊచ చేతపట్టుకుని, దీపం వెలిగించి, గుడ్డ లాగేసింది.

డాఫ్నే ఉంది. వేళ్ళ చివర ఆకులతో పరిగెడుతూనే ఉంది.

వెనక దేవుడు లేడు. మనిషి ఆకారంలో కాగితానికి కన్నం...

తలుపు గడియ వేసినట్టే ఉంది.

తెల్లారగానే ఒరెస్తె బండితో సహా దిగాడు. చెల్లెలు కాఫీ కాస్తోంది.

"ఏం చూశావే రాత్రి?"

"నువ్వే చూడు."

చూశాడు. రెండడుగులు వెనక్కేశాడు. "వీడు... వీడెక్కడే?"

"గదిలో అయితే లేడు. దారిలో ఎవరూ ఎదురు కాలేదా నీకు?"

ఒరెస్తె మరి బండి కూడా ఎక్కలేదు, పరుగే. ఆ తర్వాత ఆల్వారో గేటు దాకా వచ్చాడు. గేటు దాటలేదు.

"నీకు భయం వెయ్యలేదటే?" అని అడిగాను.

"వేసింది. వంగి, అద్దం అడుగుకి చూసేదాకా."

చట్రం అడుగున దేవుడు నల్లగా, పొడిపొడిగా పోగుపడి ఉన్నాడట! మాచికాయ రసంలో అన్నభేది అనే ఇనప లవణం కలిపిన సిరా అది. చిక్కగా పూస్తే, ఏళ్ళు గడిచేకొద్దీ కాగితాన్నే తినేస్తుంది. చిత్రకారుడు దేవుడి కండలకి సీసాడు సిరా పోశాడు. పిల్లకి నాలుగు సన్నగీతలు విదిల్చాడు. పొయ్యి వేడికి పెళుసెక్కి, ఆ రాత్రి చిటచిటమంటూ దేవుడు కాస్తా రాలిపోయాడు.

"మరి మీ అన్నకి చెప్పలేదేమే?"

నీవెస్ కళ్ళు పెద్దవి చేసింది.

"చెబితే నా గేటుకి కాపలా ఎవరే?"