చాలురసం

అబ్బులును తిట్టుకోకుండా నూకరాజు ఏనాడూ డ్యూటీ ఎక్కలేదు. పెళ్లాం అన్నగారు కదా అని ఊరుకుంటే, గట్టు పక్కనే రొయ్యల చెరువు తవ్వించి, ఉప్పు ఊటతో నూకరాజు వరిచేను చౌడు చేసినవాడు అతనే. ఆ చౌడు చేనునే పూచీ పెట్టించి ఊపిరితిత్తులు పెంచే ఈ ఊపిరి షెడ్డులో పనికి కుదిర్చిందీ అతనే. తొట్టి చెడితే చేను కంపెనీది.

ఇప్పుడు ఏడో వరుస చివరి తొట్టిలో పెరుగుతున్నది ఆ అబ్బులు ఊపిరితిత్తే.

నూకరాజు అద్దం మీద చెమ్మ తుడిచి చూశాడు. గులాబీ రంగు ఊపిరి తీగ, ఎదగమని పిలిచే పిలుపురసం వచ్చే వైపు పాకుతోంది. దగ్గరకు చేరగానే మొన తనంతట తనే, ఇక చాలని ఆపే చాలురసం కాస్త వదులుతుంది. అది తగిలినచోట పిలుపు చల్లారి, పక్కలకు జరిగి అటూ ఇటూ పిలుస్తుంది. మొన రెండుగా చీలి రెంటి వెంటా పోతుంది. అలా ఇరవై మూడు సార్లు చీలితే నిండు ఊపిరి. సగం ధర కట్టినవాళ్లకు మాత్రం ఇరవయ్యో చీలిక దగ్గరే కంపెనీ పైనుంచి చాలురసం పోయించి ఆపేస్తుంది. నడవడానికి సరిపోతుంది. మెట్లెక్కడానికి, కేకెయ్యడానికి చాలదు. ఏడో వరుసంతా సగం ధరవాళ్లదే. ఈ పూట పొయ్యాల్సింది నూకరాజు.

"బావా, నాది ఎదుగుతోందా?"

గుమ్మంలో అబ్బులు. ఊకమిల్లు దుమ్ము మింగి మింగి మనిషి వడిలిపోయాడు. భుజాన గాలి సీసా, ముక్కులో గొట్టం.

"ఎదక్కేం చేస్తుంది? ఒకరి చేను తిని బలిసిన ఒళ్లాయె," అన్నాడు నూకరాజు.

అబ్బులు నవ్వబోతే దగ్గు అడ్డుపడింది. గోడ పట్టుకున్నాడు. "ఇంకా అదే పాటా? ఉప్పు... నేను మోసుకొచ్చానా? సముద్రానిది."

"సముద్రాన్ని గట్టు దాటించిందెవరంట?"

ఏళ్ల తరబడి ఈ మాట దగ్గరే అబ్బులు గొంతు చించుకునేవాడు. రెండు వీధులు వినేలా తగువు సాగేది. ఇప్పుడు నోరు తెరిచాడు గానీ గాలి అందలేదు.

"నీ ఇష్టం... అలాగే అనుకో," అన్నాడు.

గెలుపు ఇంత చప్పగా ఉంటుందని నూకరాజు అనుకోలేదు.

"ఇది పెట్టాక... అరవగలనంటావా?"

"సగం డబ్బులకి సగం ఊపిరి. మూలుగుతావు."

"అదీ ఎక్కువేలే," అని అబ్బులు కాళ్లీడ్చుకుంటూ వెళ్లిపోయాడు.

చాలురసం వాల్వు వరుసకంతటికీ ఒక్కటే. అబ్బులు తొట్టిని విడిగా వదిలెయ్యడం కుదరదు. మిగతా తొట్లవాళ్లెవరో నూకరాజుకు తెలియదు, వాళ్లతో అతనికి పేచీ లేదు. చక్రం మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు.

"నూకరాజుగారూ, ఏడుకి పోసేశారా?" అవతలి వరుసనుంచి సూపర్‌వైజర్ హేమలత కేకేసింది.

"పోశానండి," అన్నాడు నూకరాజు, చక్రం తిప్పకుండానే చెయ్యి తీసేస్తూ.

మర్నాడు పొద్దున హేమలత అద్దాలన్నీ తడుముతూ పరుగెత్తుకొచ్చింది. "ఏం చేశారండీ? వరుసంతా నిండైపోయింది!"

"చీలినదాన్ని మళ్లీ అతికించలేం కదండీ. ఎవరి కణంతో మొలిచింది వాళ్లకే పనికొస్తుంది. వాళ్లకిచ్చెయ్యండి."

"ఇస్తే? సగం డబ్బులకి నిండుది దొరికిందని ఊరూరా తెలిశాక, సగం ఊపిరికి ఎవరొప్పుకుంటారు?"

నూకరాజు చివరి తొట్టి అద్దం మీద చెమ్మ తుడిచాడు.

"మీ చేను పోతుంది. తెలిసే చేశారా?"

"తెలుసండి."

"ఎవరికోసం?"

"మా అబ్బులు బావ కోసమండి. మా తగువింకా తేల్లేదు."

హేమలత అతన్ని ఎగాదిగా చూసి, పూచీపలకను ముందుకు తోసింది. అతను తడిచెయ్యి చొక్కాకు తుడుచుకుని వేలు ఆనించాడు. చేను కంపెనీ పేరుకు మారింది. ఉప్పు తేలిన గట్టుతో సహా ఎకరా డెబ్బై రెండు సెంట్లు.