పిల్లప్ప పాఠం

తెల్లవారగానే కమలమ్మ రాగి గంజి తీసుకుని వసారాలోకి వచ్చింది. మామ పిల్లప్ప గోడకు ఆనుకుని మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఎప్పటిలాగే గిన్నె పక్కన పెట్టి ఆయన ఎదుట కూర్చుంది.

“మామా, ‘అమ్మ’ అనండి.”

ఆయన పెదవులు వంకరపోయాయి. మెడనరాలు ఉబ్బాయి. “బ్బ... బ్బ...” అన్న శబ్దం తప్ప ఏమీ రాలేదు.

పందొమ్మిది వందల అరవై ఒకటో సంవత్సరం దసరా వెళ్లాక ఆయనకు పక్షవాతం వచ్చింది. అంతకుముందు సిటీ మార్కెట్ మండీలో కూరగాయల వేలం వేసింది ఆయనే. ఆనేకల్ నుంచి బండ్లు తోలుకొచ్చే రైతులు ఆ గొంతును వీధి మలుపులోనే గుర్తుపట్టేవారు. కాలూ చెయ్యీ కొంత స్వాధీనమయ్యాయి కానీ మాట తిరిగి రాలేదు. “వస్తుందని చెప్పలేను, పలికిస్తూ ఉండండి” అన్నాడు పెద్దాసుపత్రి డాక్టరు. ఆ మాట పట్టుకున్నది కోడలొక్కతే.

“ఇంకోసారి మామా, అమ్మ.”

ఈసారి ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. సరిగ్గా అప్పుడే మండీ నుంచి వచ్చిన ఆమె భర్త మునినారాయణప్ప గుమ్మంలో నిలబడిపోయాడు.

“ఏమే, మా నాయనేమన్నా చంటిబిడ్డా?” అని గట్టిగా అరిచాడు. “ఆయన గొంతు వింటే మార్కెట్టంతా తిరిగి చూసేది. ఆ మనిషిని కూచోబెట్టి అమ్మ అను, ఆవు అను అంటా ఉండావే! లోపల ఎంత కుమిలిపోతా ఉండాడో నీకేం తెలుసు?”

“డాక్టరు చెప్పినాడు కదా.”

“వస్తాదని చెప్పినాడా? చెప్పలే కదా!”

వంటింట్లోంచి అత్త నంజమ్మ వచ్చింది. “వాడనేది నిజమే తల్లీ. మాట పోతే పోయింది, మనిషి ఉండాడు. నాకది చాలు.”

“మనకు చాలితే సరా అత్తా? ఆయనకు చాలొద్దా?” అంది కమలమ్మ. కానీ పిల్లప్ప గోడవైపు తిరిగి కూర్చోవడం చూశాక ఆమెకు తన మీదే అనుమానం వచ్చింది. ఇన్ని నెలలుగా తను చేసింది సాయమా, హింసా? “తప్పయిపోయింది. రేపట్నుంచి అడగనులే” అని లోపలికి వెళ్లిపోయింది.

మరునాడు ఆమె తలెత్తకుండా చెంచాతో గంజి అందించింది. పిల్లప్ప నోరు తెరవలేదు. నంజమ్మ బతిమాలింది. అయినా తెరవలేదు. మునినారాయణప్ప కంగారుగా వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

“ఏమైంది నాయనా? కడుపులో నొప్పా?”

ఆయన కాదన్నట్టు తల ఊపి, కోడలి వైపు చెయ్యి చాచాడు. ఆమె భయంగా భర్తను చూసింది. ముసలాయన నుదుటి మీద చెమట పట్టింది. దవడ వణికింది. ఒకసారి ప్రయత్నించి ఆగాడు. ఊపిరి పీల్చుకుని మళ్లీ ప్రయత్నించాడు.

“చె... చె...ప్పు.”

ముందు తేరుకున్నది నంజమ్మ. “చెప్పులా? యాడికి పోవాలప్పా, ఇంత పొద్దున్నే?” అంటూ పరుగున వెళ్లి చెప్పులు తెచ్చి ఆయన కాళ్ల దగ్గర పెట్టింది.

పిల్లప్ప వాటిని చూశాడు, భార్యను చూశాడు. వంకర పెదవులతోనే పకపకా నవ్వాడు. జబ్బు పడ్డాక ఆయన నవ్వడం అదే మొదలు. నవ్వుతూనే కోడలి కొంగు పట్టి లాగాడు.

“చెప్పు.”

కమలమ్మకు అర్థమైంది. చెంచా వదిలేసి రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చేసింది. “పాఠం చెప్పమంటా ఉండాడత్తా! నన్ను మానొద్దంటా ఉండాడు!”

మునినారాయణప్ప తండ్రి చేతిని కళ్లకు అద్దుకున్నాడు. “నువ్వు సిగ్గుపడతా ఉండావనుకున్నా నాయనా. సిగ్గు నాది” అన్నాడు. తర్వాత భార్యవైపు తిరిగాడు. “ఇట్ల రా కమలా. నేనూ కూచుంటా. ఎట్ల చెప్పాలో నాకూ నేర్పు.”

ఆమె కళ్లు తుడుచుకుని మామ ఎదుట కూర్చుంది. “నారాయణా అనండి మామా. మీ కొడుకును పిలవండి.”

“నా... బ్బ... బ్బ...”

“తొందరేం లేదు నాయనా” అన్నాడు కొడుకు ఇంకా దగ్గరికి జరిగి. “మండీ కాసేపు ఆగుతాది. ఇంకోసారి అను.”