మాట రాని మానిటర్

"బొమ్మ పడినాది గానీ మాట రాలేదే, నిస్సార్ భాయ్!"

మానిటర్ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్న అఖ్సా అలా అనగానే నిస్సార్ గుండె ఎప్పటిలాగే చివుక్కుమంది. మానిటర్ మూగదైనందుకు కాదు, చివర్న తగిలించిన ఆ 'భాయ్' వల్ల. శ్రీకాళహస్తిలో ఇద్దరివీ ఎదురెదురు ఇళ్లు. చిన్నప్పుడు మొదలైన ఆ పిలుపు ఇప్పటికీ వదల్లేదు.

సూళ్లూరుపేట దగ్గర ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చాక అఖ్సా ముచ్చటపడి గేమ్ కన్సోల్ కొనుక్కుంది. ఇంట్లో టీవీ మాత్రం వాళ్ల అమ్మీ అజ్మతున్నీసా సీరియళ్లకు రాసిచ్చేసినట్టే. అందుకే కాలేజీ రోజుల కంప్యూటర్ మానిటర్‌ను దుమ్ము దులిపి, వైరు తగిలించమని నిస్సార్‌ను పిలిచింది. పల్లెల్లో ఆటో మీద దుప్పట్లు అమ్మి అప్పుడే ఇల్లు చేరినవాడు, మెడలోని కార్డ్‌లెస్ మైకు కూడా తీయకుండా పరుగెత్తుకొచ్చాడు.

"దీంట్లో స్పీకర్లు లేవు," అన్నాడు మానిటర్‌ను వెనక్కి తిప్పి చూసి.

"అచ్చం నీ మాదిరే. మనిషి ఉండాడు, మాట లేదు."

"నాకా మాటల్లేనిది? ఏర్పేడులో నా గొంతు వింటే ముసలమ్మలు కూడా లేచొస్తారు!"

"దుప్పట్ల కోసం వస్తారులే. ఈడ మాత్రం నీ నోరు పెగల్దు. రేపు మదనపల్లె నుంచి నన్ను చూసేదానికి వస్తుండారు, తెలుసా?"

నవ్వుతూనే అంది గానీ, చూపు పక్కకు తిప్పుకుంది.

తెలుసు. ఆ సంగతి విన్నప్పటినుంచి నిస్సార్‌కు అన్నం సయించడం లేదు. ఈ సాయంత్రం చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేడు. ఆ మాట గొంతుదాకా వచ్చింది. నోరు తెరిచాడు.

"ఆటోలో స్పీకర్ ఉండాది, తెస్తా," అని వెళ్లిపోయాడు. తప్పించుకోవడంలో అతనికి అతనే సాటి.

నల్లటి స్పీకర్ పెట్టె మోసుకొచ్చి, మానిటర్ వెనకున్న హెడ్‌ఫోన్ కన్నానికీ దానికీ వైరు కలిపాడు. స్విచ్చి వేస్తే ఆటలోని కారు రయ్యిమంటుందని ఇద్దరూ చెవులు రిక్కించారు.

"రండమ్మా రండి! డబుల్ కాట్ దుప్పట్లు! దిండు గలీబులు ఫ్రీ! ఆలసించిన ఆశాభంగం!"

పెట్టెకున్న పెన్‌డ్రైవ్‌లోంచి నిస్సార్ గొంతే అరిచింది. అఖ్సా పొట్ట పట్టుకుని నవ్వింది. అతను కంగారుగా పెన్‌డ్రైవ్ పీకేశాడు.

"నువ్వే చెప్తుండావు గదా, ఆలసించిన ఆశాభంగమని," అంది నవ్వు ఆపుకుంటూ. తర్వాత మెల్లగా, "మరి?"

ఆ 'మరి'లో అల్లరి లేదు. నిస్సార్ ఇక ఆగలేకపోయాడు. లోపలి గదిలో సీరియల్ చూస్తున్న అజ్మతున్నీసా ఖాలాకు వినబడకూడదని, కాస్త ముందుకు వంగి గుసగుసగా చెప్పాడు.

"అఖ్సా, ఆ మదనపల్లె వాళ్లను రావద్దని చెప్పు. నువ్వంటే నాకు ప్రాణం!"

ఆ పెట్టెకు జోడీ అయిన మెడలోని మైకు ఊరుకుంటుందా? గుసగుస కాస్తా పెట్టెలోంచి వీధి చివరి టీకొట్టుదాకా మోగింది. లోపల సీరియల్ ఠక్కున ఆగిపోయింది.

రిమోట్ చేత్తో పట్టుకుని అజ్మతున్నీసా గుమ్మంలో నిలబడింది.

"ఏమప్పా, ఇంత గొంతు ఇన్నిరోజులు యాడ దాచినావు?" అంది. కూతురి వైపు తిరిగి, "నువ్వేమంటావే?"

అఖ్సా లేచి, అతని మెడలోని మైకు తీసి నోటి దగ్గర పెట్టుకుంది.

"నిస్సార్ భాయ్..."

అతని ముఖం వాడిపోయింది.

"...అని పిలిచేది ఈ రోజుతో సరి!"

వీధిలో ఎవరో ఈల వేశారు. అజ్మతున్నీసా నవ్వు దాచుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది.

"నా ఫోన్ యాడుండాది? మదనపల్లెకు చెప్పాల. రేపటికి బిర్యానీ ఎట్లాగూ చేస్తుండా, మీ అమ్మీని రమ్మను," అంటూ లోపలికి నడిచింది.

అఖ్సా మైకు ఆపేసి, రెండో కంట్రోలర్ అతని చేతిలో పెట్టింది.

"ఆడుదాం రా, నిస్సార్."

తన పేరు అంత పొట్టిగా ఉన్నా అంత బాగుంటుందని అతనికి అంతవరకూ తెలియదు.