అత్తగారు చూపించిన చోటు

జెల్మీర కుర్చీ అంచున కూర్చుంది. కోషిత్సే పట్నంలో ఆ ఉదయం వాన పడుతోంది. తలగుడ్డ మీది తడి ఆరకముందే ఆమె మాట మొదలుపెట్టింది.

"ముసలివాళ్ళకి విషం పెట్టబోయానంటున్నారయ్యా. దారిలో ఎదురుపడితే మొహం తిప్పుకుంటున్నారు."

డిటెక్టివ్ హలాగా టీ కప్పు ఆమె వైపు జరిపాడు. అసిస్టెంటు దరీనా ఆమె తెచ్చిన ల్యాబు కాగితం అందుకుంది. ఆమె ఊళ్ళోని వృద్ధాశ్రమం వాళ్ళు ఏటా క్రిస్మస్ ముందురాత్రి పులుసు కోసం జెల్మీర ఎండబెట్టిన దుబాక్ అనే అడవి పుట్టగొడుగులే కొంటారు. ఈసారి వండే ముందు పరీక్షకు పంపారు. రాగి, జింకు, సెలీనియం ఉండవలసినంతే ఉన్నాయి. పాదరసం మాత్రం హద్దు దాటి ఎన్నో రెట్లు ఉంది.

"మా ఊరి పక్కన పాత పాదరసం గని ఉంది, ఎప్పుడో మూసేశారు. అక్కడి అడవిలో కోయకూడదని చంటిపిల్లలకి కూడా తెలుసు. నేను అక్కడే కోశానంటున్నారు."

"మరి ఎక్కడ కోశారు?" అని హలాగా అడిగాడు.

"అది చెప్పను."

"చోటు చూపిస్తే మట్టి పరీక్షించి మీ మీద పడ్డ మాట తీసేస్తామని ఆశ్రమం వాళ్ళు ఈ కాగితం కింద రాశారు కదా," అంది దరీనా.

"చూపిస్తే మర్నాటికి ఊరంతా బుట్టలతో అక్కడే ఉంటుందమ్మా. మా అత్తగారు పోయే ముందు నాకొక్కదానికే చూపించిన చోటది. కన్నకూతురికి కూడా చూపించలేదు."

ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆమె వెన్ను కొద్దిగా నిటారైంది. దరీనా అది గమనించింది.

"శనివారంలోపు చెప్పకపోతే ఇక జన్మలో నా దగ్గర కొనరు. మా ఆడపడుచు ఎటెలా దగ్గర కొంటారట. అప్పుడు ఊరన్న మాట నిజమైపోయినట్టే కదా."

ఆ మధ్యాహ్నమే ముగ్గురూ బస్సులో ఆ ఊరికి వెళ్ళారు. జెల్మీర వంటింట్లో బల్ల మీద ఆ ఏటి చివరి పుట్టగొడుగులున్నాయి. మాట్లాడుతూనే ఆమె కత్తి తీసుకుని, గొడుగు అడుగున ఉండే ఆకుపచ్చటి మెత్తని పొరను గీకి పారేసి, మిగిలినదాన్ని ముక్కలుగా కోసింది.

"అదెందుకు తీసేస్తున్నారు?" అని హలాగా అడిగాడు.

"మా అత్తగారి పద్ధతి. మెత్తటిది ఉంచితే పులుసు జిగురొస్తుందనేది. ఒక్క ముక్కకి కూడా ఉంచను."

"ఆశ్రమానికిచ్చిన సంచి?"

"ఎండిన ముక్కలు పోసి, మూతి కుట్టేసి అటక మీద పెట్టాను. వాళ్ళకిచ్చేదాకా విప్పలేదు."

"ఇంటి తాళం ఎవరెవరి దగ్గరుంది?"

"నా దగ్గరొకటి, ఎటెలా దగ్గరొకటి. తన పుట్టిల్లు కదా."

బస్సు డ్రైవరు గేజా స్టాపులో సిగరెట్టు కాలుస్తూ దొరికాడు. "జెల్మీరా? ఈ ఏడంతా బుట్టతో గని మలుపు దగ్గరే దిగింది. నేనే దింపాను. ఎవరడిగినా ఇదే చెప్పాను."

"నిండు బుట్టతో తిరిగి ఎక్కేదా?" అని హలాగా అడిగాడు.

గేజా ఆలోచించాడు. "ఎక్కలేదు. ఒక్కసారి కూడా ఎక్కించుకోలేదు."

"ఆ అడవికి ఆమె ఒక్కతే వెళ్ళేదా?"

"తర్వాత స్టాపులో ఎటెలా దిగి వెనక్కి నడిచేది. వదినా మరదళ్ళు ఒక్కచోటే దిగొచ్చు కదా అంటే నా మీద పడింది. నాకెందుకని నోరు మూసుకున్నాను."

ఎటెలా వాళ్ళను చిరునవ్వుతోనే లోపలికి పిలిచింది. పొయ్యి మీది వల నిండా ముక్కలు ఆరుతున్నాయి. ప్రతి ముక్కకూ అడుగున మెత్తటి పొర అలాగే ఉంది.

"ఇది గీకెయ్యరా?" అంది దరీనా.

"గీకితే మిగిలేదేముంది? మా అమ్మకి చాదస్తం. మా వదినకి ఆ చాదస్తమూ వచ్చింది, చోటూ వచ్చింది. కడుపున పుట్టిన నాకు మాత్రం తాళంచెవి మిగిలింది." ఎటెలా నవ్వింది. "నేనిచ్చిన సంచి కూడా పరీక్షించారు. శుభ్రంగా ఉందన్నారు. వెళ్ళి అడగండి."

శనివారం అందరూ ఆశ్రమం వంటశాలలో కూర్చున్నారు. హలాగా అడిగిన మీదట వంటవాడు ష్టెఫ్కో రెండు సంచులూ తెచ్చి, రెండు గుడ్డల మీద విడివిడిగా కుమ్మరించాడు.

"ఇది జెల్మీర సంచి. పాదరసం ఉన్నది. ముక్కల అడుగున ఏముంది?" అని హలాగా అడిగాడు.

ష్టెఫ్కో ఒకటి తీసి చూశాడు. "మెత్తటి పొర."

"ఇది ఎటెలా సంచి. శుభ్రమైనది."

"దీనికి లేదు. గీకేశారు." ష్టెఫ్కో చెయ్యి ఆగింది. "ఎటెలా గీకదే. ఊరందరికీ తెలుసు."

"గీకదు. గీకేది జెల్మీర. ఇంటి రెండో తాళం ఉన్న మనిషి అటకెక్కి, కుట్టు విప్పి, ఆమెవి తీసుకుని తనవి పోసి, మళ్ళీ కుట్టింది. గని మట్టిలోని పాదరసాన్ని ఈ పుట్టగొడుగు లాక్కుంటుంది, అందులోనూ ఎక్కువ చేరేది ఈ పొరలోనే. ఇక జెల్మీర గారు మలుపు దగ్గర దిగి, ఆ అడవిలో ఏమీ కోయకుండా అవతలి వైపుకి దాటిపోయేవారు. ఆమె చోటు ఎక్కడో ముందుంది. వెనక వచ్చేవాళ్ళని తప్పించడానికే ఆ దారి."

ఎటెలా జెల్మీర వైపు తిరిగింది. "అక్కడ నువ్వు కోయలేదా వదినా?"

"ఒక్కటి కూడా."

ఎటెలా బల్ల అంచు పట్టుకుంది. "నావి వండి చూశాను. అమ్మ పులుసు రుచి రాలేదు. అందుకే నీవి పట్టుకుపోయాను. సంచి ఖాళీగా వదల్లేక నావి పోశాను. ఆశ్రమం వాళ్ళొచ్చి నన్నడిగితే నీవే ఇచ్చాను. ఆవిడ కూతురనిపించుకోవాలనుకున్నాను, ఒక్కసారి."

"అది గని అడవని తెలుసు కదా?" అంది దరీనా.

"తెలుసు. కానీ వదిన కోస్తోందనుకున్నాను. వదిన కోస్తే అది మంచి చోటే అయ్యుంటుందనుకున్నాను."

"ల్యాబు కాగితం వచ్చాక మీకు తెలిసింది. అయినా మాట్లాడలేదు," అన్నాడు హలాగా.

"లేదు. ఊరు తనని చీదరించుకుంటుంటే బాగుంది నాకు."

హలాగా జెల్మీర వైపు తిరిగాడు. దరీనా ఆ ప్రశ్న ఊహించలేదు. "ఈమె మీ వెనక వస్తోందని మీకు తెలుసు. అక్కడ కోస్తోందని?"

జెల్మీర తలగుడ్డ ముడి సవరించుకుంది.

"ఒకసారి చెట్టు చాటు నుంచి చూశాను," అంది. "బుట్ట నిండా కోసుకుంది. వద్దని చెబితే నేను అక్కడ కోయనని తెలిసిపోతుంది. ఊరుకున్నాను."

"సెప్టెంబరు నుంచీ ఇంట్లో అవే తింటున్నాం వదినా," అంది ఎటెలా మెల్లగా. "ఆయనా, నేనూ."

ష్టెఫ్కో గొంతు సవరించుకుని, ఆర్డరు ఇక జెల్మీరదే అన్నాడు. జెల్మీర లేచి, గోడకున్న ఎటెలా కోటు తీసుకొచ్చి, చేతులు దూర్చుకునేందుకు వీలుగా విప్పి పట్టుకుంది.

"పద. మీ ఆయన్నీ తీసుకుని పట్నం ఆసుపత్రికి పోదాం. రక్తం చూపించుకోవాలి."

ఎటెలా కోటు ఆమె చేతుల్లోంచి లాక్కుంది. తనే వేసుకుని, గుండీలన్నీ పెట్టుకుని, వదిన కంటే ముందు గుమ్మం దాటింది.