జ్వరం తగ్గించమనే ప్రార్థన

ఆ ఇంట్లో టీ వేడిగా తాగిన పాపాన ఎవరూ పోలేదు. కారణం పెద్దాయన ప్రార్థన. ఒకప్పుడు చుట్టుపక్కల సగం ఇళ్ళకి కుళాయిలు బిగించిన మేస్త్రీ ఆయన. ఏ పనైనా నిదానంగా, చుక్క కారకుండా చేయడం అలవాటు. ప్రార్థనా అంతే. పక్కింటాయన ఉబ్బసం దగ్గర మొదలుపెట్టి, లారీ తోలే అల్లుడి టైర్ల దాకా అన్నీ దేవుడికి అప్పగిస్తే గానీ ఆమేన్ అనేవాడు కాదు. భార్య ఒక కన్ను తెరిచి చల్లారిపోతున్న కప్పుల వంక చూసేది. ఆయనకి కళ్ళు మూసుకునే తెలిసిపోయేది. “తొందరపడేవాళ్ళకి ఓర్పునివ్వు తండ్రీ” అని అదీ కలిపేవాడు. ఇంట్లోని చిన్నపిల్లతో సహా అందరూ నవ్వేవాళ్ళు.

ఇప్పుడు నవ్వే ఓపిక ఎవరికీ లేదు. పెద్దాయనకి మతిమరుపు జబ్బు. పానా ఎలా పట్టుకోవాలో మరిచిపోయాడు, వీధి పేరు మరిచిపోయాడు, ఒక్కోసారి చొక్కాకి బొత్తాలెందుకో కూడా తెలియదు. ప్రార్థన మాత్రం పోలేదు. కాకపోతే అది ఒకే చోట ఆగిపోయింది.

“స్తోత్రం తండ్రీ,” అన్నాడు ఆ ఉదయం కూడా, కుర్చీలో ముందుకి వంగి. “మా బుడంకాయకి జ్వరం ఇంకా దిగలేదు. పిల్ల ఒళ్ళు కాలిపోతోంది. నీ చెయ్యి వేసి తగ్గించు ప్రభువా.”

బుడంకాయ ఆయన మనవరాలు. ఆరేళ్ళది. కిందటి వానాకాలంలో ఆ జ్వరంతోనే పోయింది.

దాని తల్లి, పెద్దాయన ఒక్కగానొక్క కూతురు, భుజాన సంచీతో గుమ్మంలో నిలబడిపోయింది. బట్టలు కుట్టే షాపులో పని ఆమెది. రోజంతా మిషన్ చప్పుడులో ఏదీ గుర్తు రాదు. పొద్దున్నే ఈ కాసేపే నరకం. పాప సమాధి దగ్గర నుంచి వచ్చాక ఆమె మళ్ళీ చర్చి మెట్లెక్కలేదు. ఓదార్చడానికి వచ్చిన పాస్టరుగారిని గుమ్మంలోంచే పంపేసింది. తండ్రి గురించి ఆమెకి ఒకటే నమ్మకం. మరిచిపోయాడు కాబట్టి ప్రార్థన చేస్తున్నాడు. గుర్తుంటే తనలాగే నోరు మూసుకునేవాడు.

ఆ ఉదయం ఇక తట్టుకోలేకపోయింది.

“నాన్నా, ఆపు.”

“ప్రార్థనలో ఉన్నానమ్మా.”

“అందుకే ఆపమంటున్నా. దానికి జ్వరం లేదు.”

ఆయన ముఖం విచ్చుకుంది. “తగ్గిందా?”

ఆ ముఖం చూసైనా ఆమె ఆగాల్సింది. “చచ్చిపోయింది నాన్నా. నువ్వు అడిగావు, నేను అడిగాను, అమ్మ అడిగింది. ఎవరి మాటా వినలేదు ఆ దేవుడు. పాప చచ్చిపోయింది. పెట్టె నువ్వే మోశావు.”

పెద్దాయన ముందు భార్య వంక చూశాడు, కాదంటుందేమోనని. ఆవిడ తల దించుకుంది.

“మన బుడంకాయా?” అన్నాడు. “నాకెవరూ చెప్పలేదేం?”

తర్వాత ఏడ్చాడు. ముసలివాళ్ళు ఏడిస్తే చూడలేం. చప్పుడు తక్కువ, వణుకు ఎక్కువ. ఏడ్చి ఏడ్చి తల పైకెత్తాడు. “నిన్ననే కదయ్యా నిన్ను అడిగాను? చెవులు లేవా నీకు? నన్ను తీసుకుపోతే ఏం పోయింది? ఏం చేసుకుంటావు ఆ పసిదాన్ని?”

ఇదిగో ఇప్పుడు, అనుకుంది కూతురు. ఇప్పుడు మానేస్తాడు. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది, అయినా కదలకుండా చూసింది.

పెద్దాయన చేతులు రెండూ దగ్గరికి తెచ్చుకున్నాడు. “నాకేం అర్థం కావడం లేదు తండ్రీ. నిన్ను వదిలి ఎక్కడికి పోను? నాకెవరున్నారు? చీకటంటే దానికి భయం. కాస్త దగ్గరుండి చూసుకో. మా అమ్మాయిని కూడా. ఆమేన్.”

కూతురు సంచీ అక్కడే పడేసి వంటింట్లోకి పారిపోయింది. వెనకే తల్లి వచ్చింది.

“కడుపు చల్లబడిందా?” తల్లి గొంతులో కోపం కన్నా అలసటే ఎక్కువ.

“తప్పయిపోయిందమ్మా. మొదటిసారి విన్నట్టు ఎలా అయిపోయాడో చూడు.”

“నువ్వు చెప్పడం మొదటిసారి. ఆయన వినడం కాదు.”

కూతురికి అర్థం కాలేదు.

“నువ్వు షాపుకి వెళ్ళాక పిల్లకి మందు వేశావా అంటాడు. పడుకుందంటే లేపమంటాడు. గదులన్నీ వెతుకుతాడు, మంచాల కింద కూడా. ఎంతకని అబద్ధం ఆడను? చెప్పేస్తాను. ప్రతిసారీ ఇంతే, పిల్ల ఆ నిమిషమే పోయినట్టు.”

“నాకెందుకు చెప్పలేదు?”

“నీ ఏడుపు నీకు చాలదా?” తల్లి కొంగుతో ముక్కు తుడుచుకుంది. “ఇలాగే పోట్లాడతాడే దేవుడితో. ఇవాళ్టితో సరి, ఇక చేతులు జోడించడు అనుకుంటాను. నీలాగే నేనూ గుడ్లప్పగించి చూస్తాను. మనకి దుఃఖం కాస్తయినా పాతబడింది. ఆయనకి ఆ అదృష్టం కూడా లేదు, ప్రతిసారీ పచ్చి దెబ్బే. అయినా జోడిస్తాడు. నాకేం పెద్ద భక్తి మిగల్లేదు. ఆయన ఆమేన్ అంటే నేనూ అంటున్నాను. ఆ మాత్రం పట్టుకునే తెల్లారితే లేస్తున్నాను.”

కూతురు గోడకి జారబడి నేల మీద కూర్చుంది. మరిచిపోయాడు కాబట్టి నమ్ముతున్నాడని ఇన్నాళ్ళూ తండ్రిని తక్కువ చేసింది. తను ఒక్కసారి దెబ్బ తిని విడిచిపెట్టినదాన్ని ఆ మనిషి ఎన్నిసార్లు దెబ్బ తినీ విడవలేదు. ఆ సంగతి ఆయనకి కూడా తెలియదు. ఆమెకి గుండె పగిలేలా ఏడుపొచ్చింది.

ముందు గదిలోకి వచ్చేసరికి పెద్దాయన అరచేతులు చూసుకుంటున్నాడు.

“నా ముఖమంతా తడిగా ఉందేమిటమ్మా?”

ఆమె ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని కొంగుతో ఆ ముఖం తుడిచింది. “ఏం లేదు నాన్నా.”

“ఇవాళ ప్రార్థన చేశానా?”

చేశావు అని చెప్పి లేచిపోవచ్చు. “లేదు నాన్నా,” అంది. “నేను చేస్తాను.”

ఆయన బుద్ధిగా కళ్ళు మూసుకున్నాడు. తల్లి కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడింది. కూతురు చేతులు జోడించింది.

“ప్రభువా, నీ మీద నాకు కోపం పోలేదు. పోతుందో లేదో తెలియదు. నా బిడ్డ నీ దగ్గరుంది. అందుకని వచ్చాను.”

ఇంకా ఏమైనా ఉందేమోనని పెద్దాయన ఎదురుచూశాడు. ఆమె దగ్గర ఇంకేమీ లేదు.

“ఆమేన్,” అన్నాడు ఆయన గట్టిగా.

తల్లి కూడా అంది. ఆ ఇద్దరూ అన్న కాసేపటికి, తండ్రి మోకాళ్ళ మీద తల పెట్టుకుని, కూతురూ ఆమేన్ అంది.