పవర్ మీటర్ చెప్పిన అబద్ధం

“నన్ను జట్టులోంచి తోసేస్తున్నారు మేడమ్. సాయంత్రమే ఆఖరి ఎంపిక!” అంటూ డిటెక్టివ్ ఆఫీసులోకి ఊడిపడింది ఓ అమ్మాయి. ఈత, సైకిల్, పరుగు మూడూ కలిసిన ట్రయథ్లాన్ ఆమె ఆట.

అక్కడి ప్రైవేట్ డిటెక్టివ్‌ను అందరూ మిరపకాయ అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. “ఏడుపు తర్వాత. ముందు విషయం చెప్పు,” అంది.

సైకిల్ క్రాంకుకు, అంటే పెడల్ కడ్డీకి, పవర్ మీటర్ బిగించి ఉంటుంది. కాలు ఎంత బలంగా తొక్కుతోందో అది ఫోనుకు అంకెల్లో చెబుతుంది. కొన్నాళ్లుగా ఆ అంకె పడిపోయింది. కోచ్ బద్ధకమన్నాడు. ఆమె చోటు సొంత అక్కకే దక్కబోతోంది.

“తొక్కే ముందు మీటరును సున్నాకు తెస్తావా?”

“రోజూ తెస్తాను. ఒక్కరోజు మాత్రం అది ఫోనుకు కలవలేదు. బ్యాటరీ అయిపోయిందంటూ బావ కొత్తది తేవడానికి వెళ్లాడు. ఆయన రాకముందే పాతదానితోనే కలిసింది. అప్పట్నుంచే ఈ దరిద్రం.”

“బావంటే?”

“అక్క మొగుడు. మా మెకానిక్కూ ఆయనే. మొన్న అక్కా నేనూ పక్కపక్కనే కొండెక్కాం. బరువూ ఒకటే, సైకిళ్లూ ఒకటే. అంకె మాత్రం దానిదే ఎక్కువ!”

“అక్క తెలివిగా తొక్కిందేమో,” అన్నాడు మిరపకాయ అసిస్టెంట్.

“కొండ దగ్గర తెలివితేటలు చెల్లవోయ్. ఒకే బరువు, ఒకే వేగమైతే బలమూ ఒకటే ఉండాలి,” అంది మిరపకాయ. అసిస్టెంట్ మురిసిపోయాడు. తిట్టినా మురిసిపోవడం అతని జబ్బు.

సాయంత్రం ప్రాక్టీస్ షెడ్డులో అందరూ పోగయ్యారు.

“ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది,” అన్నాడు కోచ్.

“కష్టపడ్డం చేతకాక డిటెక్టివ్‌ని తెచ్చుకుంది. సిగ్గులేని మొహం!” అంది అక్క.

మిరపకాయ చెల్లెలి ఫోన్లో మీటర్ సెట్టింగ్ తెరిచింది. “క్రాంకు పొడవు అసలుకన్నా తక్కువ పెట్టారు. మీటరు ఆ పొడవుతోనే లెక్క కడుతుంది, అందుకే బలం తక్కువ చూపిస్తోంది. రోజూ సున్నాకు తెచ్చినా ఈ తప్పు పోదు. ఈ మీటరు ఒకసారి ఒక్క ఫోనుతోనే మాట్లాడుతుంది. ఆ రోజు దీన్ని ఇంకో ఫోను పట్టుకుని కూర్చుంది. బ్యాటరీ మారకుండానే మళ్లీ కలిసిందంటే, ఏమయ్యా మెకానిక్కూ, మారిందల్లా నువ్వు బయటికెళ్లడమే. పొడవు మార్చిన ఫోను నీ జేబులోనే ఉంది. అది దూరమయ్యాక మీటరు ఈ పిల్లకు దొరికింది.”

బావ తల వంచుకున్నాడు. “ఆవిడ కోసమేగా చేశాను...”

“నేను మామూలుగా గెలవలేననుకున్నావా?” అంది అక్క.

చెల్లెలు మాత్రం మెత్తబడలేదు. “నీ సైకిలూ ఆయనేగా చూసేది. నీ ఫోను కూడా తెరవ్వే.”

“నాకేం భయం?” అంటూ అక్క విసురుగా తెరిచింది. ఆమె క్రాంకు పొడవు అసలుకన్నా ఎక్కువ పెట్టి ఉంది. అక్క నేలమీద కూలబడింది. ఇన్నాళ్లూ చెల్లెల్ని ఆ అంకెతోనే ఎద్దేవా చేసింది.

కోచ్ రెండు మీటర్లూ సరిచేశాడు. చెల్లెలు సైకిలెక్కింది. “లేవ్వే అక్కా. ఓడిపోవాలన్నా సైకిలెక్కాలి.”

అక్క ఎక్కింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడకుండా తొక్కారు. అలసిపోయి ముందు దిగిపోయింది అక్కే.

కోచ్ చెల్లెల్ని జట్టులోకి తీసుకున్నట్టు చెప్పాడు. చప్పట్లు కొట్టింది అసిస్టెంట్ ఒక్కడే.