నాలుగో గీత

కొండల నడుమ నారిన్ ఊళ్లో ఆ మధ్యాహ్నం మంచు ఎంత దట్టంగా కురిసిందంటే, ఆసుపత్రి ల్యాబులో పట్టపగలే లైట్లు వేయాల్సొచ్చింది. గొట్టాలు గడ్డకట్టి పొద్దున్నుంచీ చుక్క నీరు రాలేదు. తోటివాళ్లెవరూ ఇల్లు కదల్లేకపోయారు. సైకాల్ ఒక్కతే వచ్చింది. రాక తప్పదు. పై అంతస్తులో ఆమె చెల్లెలు బెగిమాయ్ బాలింత జ్వరంతో కాలిపోతోంది. ఏ మందూ పట్టడం లేదు. చెల్లెలి నెత్తురు పోసి ఉంచిన సీసా తెల్లారేసరికి మసకబారింది. అందులో పెరుగుతున్న క్రిమిని విడదీస్తే గాని, అది ఏ మందుకు చస్తుందో తెలియదు.

జుట్టు బిగించి కట్టి, కోటు, మాస్కు, గ్లవ్స్ వేసుకుంది. బల్లంతా స్పిరిట్‌తో తుడిచింది. మధ్యలో ముట్టుకోకూడదని ఫోను ముందే స్పీకర్లో పెట్టి కిటికీ గట్టు మీద ఉంచింది. అవతల తల్లి జిబెక్, చెల్లెలి మంచం పక్కన.

"అది వచ్చిందే సైకాల్. పసుపు జుట్టుది, అల్బర్స్తి. బాలింతల ఊపిరితిత్తులు పీక్కుపోయి నీళ్లలో ముంచుతుంది. మునిగినంత మేర దానిదే. మొత్తం మునిగిందా, ఇక మనిషి దక్కదు."

"నీ కథలు కట్టిపెట్టి దాని నుదుటి మీద తడిగుడ్డ మార్చమ్మా! నా చేతులు వణికించకు."

తీగను స్పిరిట్ దీపం మంటలో ఎర్రగా కాల్చి, చల్లారనిచ్చి, సీసాలోంచి తీసిన చుక్కలో ముంచింది. క్రిములు పెంచే ప్లేటు మూత ఓ అంచున ఎత్తి గీత గీసింది. మళ్లీ కాల్చింది. మొదటిదాని కొసను తాకుతూ రెండోది. గీత గీతకూ క్రిములు పలచబడతాయి. నాలుగోదానికి ఒక్కొక్కటీ విడిగా పడుతుంది. తొందరపడితే అంతా ముద్దే, మళ్లీ మొదలే. అంత గడువు బెగిమాయ్‌కి లేదు.

మూడో గీత మొదలెట్టింది.

పక్కగదిలో... నీళ్ల చప్పుడు.

పచ్చి మాంసం కడిగిన వాసన సన్నగా మాస్కు దాటి వచ్చింది.

"సైకాల్!" తల్లి అరిచింది. "దీనికి ఊపిరాడట్లేదే! పెదాలు నీలంగా..."

"డాక్టర్ని పిలువమ్మా!"

"ఇక్కడే ఉన్నాడే!"

తెరిచి ఉన్న తలుపులోంచి కనబడింది. సీసాలు కడిగే తొట్టి మీదికి వంగిన వీపు. నేల దాకా వేలాడే పసుపు జుట్టు. చేతుల్లో గులాబీరంగుది ఏదో... మెత్తగా... ఉబ్బుతూ, అణుగుతూ...

పరుగెత్తాలి. కానీ ప్లేటు వదిలితే క్రిమి చిక్కదు. ఎటు వెళ్లినా పోయేది చెల్లెలే.

కళ్లనీళ్లు మాస్కులోకి కారుతున్నాయి. మూడో గీత పూర్తిచేసింది. తీగ కాల్చింది. చల్లారాలి... చల్లారాలి... నాలుగో గీత. మూత. బోర్లించి ఇంక్యుబేటర్లో పెట్టి, మండుతున్న స్పిరిట్ దీపం పట్టుకుని పక్కగదిలోకి దూకింది.

"ఇంకొక్క మునకేనక్కా..." తల తిప్పకుండానే గుసగుసలాడింది అది. బెగిమాయ్ గొంతుతో.

సైకాల్ ఆ జుట్టుకు మంట అంటించింది. కమురు వాసన. ఒక కేక.

తొట్టి దగ్గర ఎవరూ లేరు. తొట్టి పొడిగా ఉంది.

"తీసుకుంటోంది..." ఫోనులో తల్లి వెక్కుతోంది. "ఊపిరి తీసుకుంటోందే!"

మర్నాడు నాలుగో గీత కొసన గసగసాల్లా విడివిడి చుక్కలు మొలిచాయి. ఒకదాన్ని తీసి కొత్త ప్లేటు మీద పరిచి, తలో మందు అద్దిన కాగితపు బిళ్లలు పెడితే, ఒక్క బిళ్ల చుట్టూ మాత్రం క్రిమి పెరగలేదు. ఆ మందే ఎక్కించారు. కొన్నాళ్లకు బెగిమాయ్ లేచి కూర్చుంది. బిడ్డను ఒళ్లో వేసుకుని, ఆకలంటూ మాంసం పులుసు అడిగింది.

ఇంటికి పంపేరోజు డాక్టర్ ఎసెన్‌బెక్ ఎక్స్‌రే వెలుతురుకు పట్టి నొసలు ముడిచాడు.

"మీ చెల్లెలికి ఆపరేషన్ ఎప్పుడైంది సైకాల్? ఎడమ ఊపిరితిత్తి కింది భాగం లేదు."

"ఆపరేషనా? దానికి ఏ ఆపరేషనూ..."

"అదే నేనూ అడిగేది. ఒంటి మీద కోత మచ్చ లేదు మరి."